పదకొండును కూల్చిందెవరు

జూన్ 2

సమస్త మానవాళికీ, అందులోనూ నెత్తిన రెక్క తిప్పుకుంటూ ఎగిరే యంత్రాలను ప్రేమించే వర్గానికీ, గాజుబుర్ర మిత్రమండలి అధ్యక్షులవారికీ, ఈ డైరీకి కాగితమైపోయిన ఆ పేరు తెలియని చెట్టుకూ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇందులో రాయబోయే మాటలు మర్యాదగా ఉండవు. అందుకు నా పెంపకాన్ని గానీ, నాకు డిగ్రీ ఇచ్చిన కళాశాలను గానీ నిందించవద్దు. వాళ్ళు చేయగలిగింది వాళ్ళు చేశారు. నాకు ఒళ్ళు మండుతోంది. ఒళ్ళు మండినవాడు అడిగే క్షమాపణలో ఎంత నిజం ఉంటుందో ఇందులోనూ అంతే ఉంది.

భవిష్యత్ చరిత్రకారుల సౌకర్యార్థం కొన్ని వివరాలు. గాజుబుర్ర అంటే పాతకాలపు చిన్న హెలికాప్టర్. ముందు గుండ్రటి గాజు తలకాయ, వెనక గొట్టాలు అతికించి చేసిన నిచ్చెనలాంటి తోక. దూరం నుంచి చూస్తే బక్కచిక్కిన తూనీగలా ఉంటుంది. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మిగిలినవి ఎక్కడున్నాయి, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళాయి, ఏది తుక్కయింది, ఏది ఎవరి పెరట్లో కోళ్ళగూడయింది అని ఆరా తీస్తూ బతికే పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్ళే మా మండలి. ఒక్కో యంత్రం చరిత్రనూ ‘జాతకం’ అంటారు. నేను సహాయ కార్యదర్శిని. అంటే కుర్చీలు వేస్తాను, టీ తెస్తాను, మండలి పత్రికకు కంప్యూటర్లో పేజీలు కడతాను, ప్రతి గురువారం అధ్యక్షులవారి షెడ్డులో కొలువైన పంతొమ్మిదో నంబరు గాజుబుర్రకు గాజు తుడుస్తాను. అందుకే ఆ షెడ్డు తాళంచెవి ఒకటి నా దగ్గరుంటుంది. ఇంత నమ్మకం మా ఇంట్లో కూడా ఎవరికీ నా మీద లేదు.

ఇవాళ పేజీలు కడుతుంటే పదకొండో నంబరు జాతకం వచ్చింది. చివరి వాక్యం ఇది: ‘పురుగుమందు చల్లే కంపెనీలో ఉండగా పైలట్ అజాగ్రత్త వల్ల పొలంలో కూలి ధ్వంసమైంది, శకలాలు అతికించి ప్రస్తుతం ఒక హోటల్ ముందు ప్రదర్శనకు పెట్టారు.’

ఆ పైలట్ మా పెద్దమ్మ.

జూన్ 3

అధ్యక్షులవారు రిటైరైన పళ్ళ డాక్టరు. ఎదుటివాడు నోరు తెరిస్తే మాట కన్నా ముందు పళ్ళు చూస్తారు.

“సార్, పదకొండు జాతకంలో చివరి వాక్యం తప్పు.”

“పై వరుసలో ఒకటి పుచ్చుతోందయ్యా, చూపించుకో. ఏ వాక్యం?”

చూపించాను. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు.

“కంపెనీవాళ్ళ నివేదికలో అలాగే ఉంది మరి.”

“నడిపినావిడ బతికే ఉంది సార్. మా పెద్దమ్మే.”

“అయితే మరీ మంచిది. ఆవిడ పేరు వేయకుండా ఎంత మర్యాద చేశామో చూడు.”

మర్యాదట!

“మన నియమం నీకు తెలుసుగా. కంటితో చూడాలి, చేత్తో తడమాలి. అప్పుడే జాతకంలో అక్షరం మారుతుంది. మీ పెద్దమ్మ మీద నీకున్న అభిమానాన్ని నేను తడిమి చూడలేను కదా, బాబూ.”

కంపెనీ నివేదికను మటుకు ఎవరు తడిమారో అడగాలని ఇంటికొచ్చి అన్నం తింటుంటే తట్టింది. నా చురుకైన జవాబులన్నీ ఇలా అన్నం ముందే పుడతాయి.

జూన్ 4

మాతోనే ఉండే పెద్దమ్మకు డ్రైవింగ్ స్కూలుంది. ఈ వయసులోనూ పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింది బ్రేకు మీద కాలేసి, నిండా మీసాలున్న మగాళ్ళను ఏడిపిస్తుంది. ఆ పేజీ తీసుకెళ్ళి చూపించాను. చదివి, మడిచి, కారు డాష్‌బోర్డు మీద పెట్టింది.

“ఇంజన్ ఆగిపోతే రాయిలా పడిపోదురా అది. దిగుతుంటే కింది నుంచి వచ్చే గాలికే రెక్క తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడు అయిపోయేలోగా దింపుకోవాలి. దింపాను. దానికి గీత కూడా పడలేదు. దిగి, గట్టు మీద కూర్చుని సీసాలో ఉన్న నీళ్ళన్నీ తాగాను.”

“మరి ధ్వంసమైందని ఎందుకు రాశారు?”

“మర్నాడు నన్ను రావద్దన్నారు. తర్వాత అది కూలిందనీ, నేనే కూల్చాననీ కాగితం పంపించారు. ఎక్కడుందో చూపించండయ్యా అన్నాను. చూపించలేదు. ఆ తర్వాత ఏ కంపెనీ నన్ను ఎక్కనివ్వలేదు. సరే పోనీలే అని ఈ స్కూలు పెడితే, ‘హెలికాప్టర్ కూల్చినావిడ దగ్గర కారు నేర్చుకుంటావా’ అని జనం నవ్వేవాళ్ళు.”

ఎదురుగా ఒక శిష్యుడు కారును వెనక్కి తీస్తూ మూడు డబ్బాలను పడగొట్టాడు. మామూలుగా అయితే వాడి ఏడు తరాలనూ కడిగేది. ఇవాళ చూడనట్టు ఊరుకుంది.

“నేను పోయేలోగా ఆ వాక్యం తీయించగలవేమిట్రా?”

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పెద్దమ్మ నన్ను ఏమీ అడగలేదు. ‘తిన్నావా’ అని కూడా అడగదు, పెట్టేస్తుంది.

జూన్ 7, ఆదివారం

హోటల్ ముందు ఇనుప స్తంభం మీద, నేలకు మనిషెత్తున, గులాబీరంగు పూసుకుని ఉంది చరిత్రాత్మక పదకొండు. ఫొటో దిగడానికి నిచ్చెన మెట్లు కూడా వేశారు. నా ముందు ఒక కొత్త జంట దిగారు. అబ్బాయి యంత్రాన్ని నడిపే చేతికర్రను పట్టుకుని శూన్యంలోకి చూశాడు. అమ్మాయి అబ్బాయిని చూసింది. ఆ వయసులో ఇద్దరికీ ఏదీ కనపడదు, అది వేరే విషయం.

పెద్దమ్మ మెట్లెక్కి లోపలికి వంగింది. నంబరు ప్లేటును బొటనవేలితో తుడిచింది. పదకొండే. మెట్ల మీంచే తోక గొట్టాల వైపు వంగి, అతుకుల మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా నడిపింది.

“ఇది నాది కాదు.”

“ప్లేటు పదకొండు కదా పెద్దమ్మా?”

“ప్లేటు నాదే. ఒళ్ళు నాది కాదు. ఇది పంతొమ్మిదిరా. నేను దిగిన వారమే, నన్ను రావద్దనక ముందే, లారీలోంచి జారిపడింది. నడుం ఇదిగో, ఇలాగే, ఎడమవైపుకే విరిగింది. మా కంపెనీలో ఉన్నవే రెండు. పడింది ఇదీ, బాగున్నది నాదీ.”

హోటలాయన కింద నిలబడి, “అమ్మా, ఎక్కువసేపు కూర్చుంటే వెనక వాళ్ళు ఆగుతున్నారు” అన్నాడు.

“కూర్చోలేదు నాయనా, కూలిందో లేదో చూస్తున్నా” అంది.

పెద్దమ్మ చెప్పినదాన్నిబట్టి వివరంగా రాస్తాను. నా ఆవేశం నాకే అర్థం కావాలి కదా. లారీలోంచి పడిన దానికి బీమా లేదు, గాల్లోంచి పడితే ఉంది. అందుకని కంపెనీవాళ్ళు పెద్దమ్మ యంత్రం ప్లేటు పీకి, విరిగిన దానికి కొట్టి, ‘ఇదిగో పదకొండు కూలింది’ అన్నారు. విరిగిన దాని ప్లేటు తీసి, గీత పడని దానికి కొట్టారు. నాలుగు రివెట్లతో ఒక మనిషి బతుకును అటు మార్చి ఇటు కొట్టారు. మా మండలి పెద్దలు ఇన్నేళ్ళుగా ‘ప్లేటు ఎటు పోతే యంత్రం అటు’ అని ప్లేటు వెనక పడి తిరుగుతున్నారు. మనిషి పోయాడా అంటే, చొక్కా తీగ మీద ఆరుతోంది కాబట్టి లేదు అన్నట్టుంది.

మరి గీత పడని యంత్రం, పంతొమ్మిది పేరు పెట్టుకున్నది, ఇప్పుడెక్కడుంది? దాని గాజు ప్రతి గురువారం ఎవడు తుడుస్తున్నాడు?

‘ఒక్క ప్రమాదం కూడా ఎరగని పంతొమ్మిది’ అని అధ్యక్షులవారు చెప్పుకుని మురిసిపోతుంటారు. ఎరగదు సార్. మా పెద్దమ్మ ఎరగనివ్వలేదు.

తిరిగి వస్తూ బస్సులో అడిగాను. “మరి నీ దానికి గుర్తేమైనా ఉందా పెద్దమ్మా? తడిమి చూసేది?”

“నేను పొట్టిదాన్ని కదా, పెడళ్ళు అందేవి కావు. రెండింటికీ చెక్కదిమ్మలు పెట్టించుకున్నాను. ఆ దిమ్మలు కూడా ఎలా...”

“చాలు పెద్దమ్మా! ఇంక చాలు!”

“పూర్తిగా వినరా వెధవా.”

అప్పటికే నేను అధ్యక్షులవారికి ఫోన్ కలిపి, సమావేశంలో మాట్లాడేది ఉందని చెప్పేశాను. చెక్క అంటే స్క్రూ. స్క్రూ అంటే రంధ్రం. పంతొమ్మిదో నంబరు పెడళ్ళ మీద రబ్బరు తొడుగులున్నాయి. కింద రంధ్రాలుంటాయి. ఇందులో ఇంకా వినడానికేముంది?

జూన్ 14, ఆదివారం

నెలవారీ సమావేశం. నేను లేచి అంతా చెప్పాను. చెప్పేటప్పుడు చేతులు ఎక్కువ ఊపానని తర్వాత కెమెరా బాబాయి అన్నాడు. ఈయన ఎవరికీ బాబాయి కాడు, మెళ్ళో కెమెరా మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

అధ్యక్షులవారి మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, చివరికి పన్ను పీకే ముందు ఉండే రంగుకొచ్చింది.

“నా పంతొమ్మిది పంతొమ్మిది కాదంటావు.”

“తొడుగులు తీసి చూద్దాం సార్. అంతే.”

“అవి కంపెనీ నాటి తొడుగులు. బంక కూడా ఆనాటిదే. తీస్తే చిరుగుతాయి. ముందు ఆధారం పట్రా, తర్వాత తీస్తాను.”

“ఆధారం తొడుగు కిందే ఉంది సార్.”

“అందుకే ముందు ఆధారం కావాలంటున్నాను.”

ఇలా ఎంతసేపు తిరిగామో తెలియదు. గాజుబుర్ర అయినా ఇంధనం అయిపోయి ఎక్కడో ఒకచోట దిగేది. చివరికి కెమెరా బాబాయి, “ఏదో ఒకటి తేల్చండయ్యా, టీ చల్లారిపోతోంది” అన్నాడు. తేల్చారు. చేతులెత్తారు. నావైపు లేచినవి నా రెండు చేతులే. అందులో ఒకటి లెక్కలోకి రాదన్నారు.

ఇంటి దగ్గర పెద్దమ్మ నా మొహం చూసి ఏమీ అడగలేదు. పెట్టేసింది.

జూన్ 15

ఇంకా మండుతోంది.

జూన్ 18, గురువారం

గాజు తుడిచాను. తలనొప్పిగా ఉంది. ఏమీ జరగలేదు.

జూన్ 19

ఎడమ చూపుడువేలికి కట్టు. డబ్బా మూత తీస్తుంటే కోసుకుంది. ఏ డబ్బా అని అమ్మ అడిగింది. ఈ ఇంట్లో డబ్బాలకు కూడా సాక్ష్యం చూపించాలి.

న్యాయం గురించి ఆలోచిస్తున్నాను. ఒక మాట నిజమని నాకు తెలుసు. పెద్దమ్మకు తెలుసు. ఆ హోటల్ ముందున్న వంకర గొట్టాలకు తెలుసు. తెలియనిది ఎవరికయ్యా అంటే, తెలుసుకోకుండా ఉండటానికి చేతులెత్తి తీర్మానం చేసుకున్న పెద్దలకు. అలాంటివాళ్ళకు నిజాన్ని నిజంగా చెబితే ఎక్కదు. కాస్త చేత్తో పట్టుకునేలా చేసి ఇవ్వాలి. ఇది అబద్ధం ఎలా అవుతుంది? నిన్న ఏమీ జరగలేదని నిన్ననే రాశాను కాబట్టి ఈ విషయం ఇంతటితో వదిలేస్తున్నాను.

వేలు సలుపుతోంది.

జూన్ 25, గురువారం

గాజు తుడిచాను. ఈసారి నిజంగా తుడవడమే.

అధ్యక్షులవారికి ఒక ప్రతిపాదన చేశాను. తొడుగుల కింద రంధ్రాలు లేకపోతే మండలికి రాజీనామా చేస్తాను, మొదటి పేజీలో నా ఫొటోతో సహా క్షమాపణ వేసుకుంటాను. ఆయన కాసేపు నా పళ్ళకేసి చూశారు.

“ఫొటోలో నోరు మూసుకుని ఉండాలి” అన్నారు. ఒప్పుకున్నట్టే.

జూన్ 28, ఆదివారం

షెడ్డులో అందరూ నిలబడ్డారు. పెద్దమ్మ రానంది. ఆ వాక్యం ఉన్నంతకాలం ఆ మనుషుల గడప తొక్కదట.

అధ్యక్షులవారు తన పాత పెట్టెలోంచి పనిముట్లు తీశారు. ఎంత సుతారంగా తీశారంటే, ఆ తొడుగులకు నొప్పి తెలిసి ఉండదు.

“ఇంత తేలిగ్గా ఊడొచ్చిందేమిటి?” అన్నారు.

“పాత బంక కదండీ, ఆరిపోయుంటుంది” అన్నాడు కెమెరా బాబాయి. ఆ మనిషికి నేను జీవితాంతం టీ ఇప్పిస్తాను.

పెడల్‌కు రెండు చొప్పున రంధ్రాలు.

అధ్యక్షులవారు నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క రంధ్రాన్నీ చూశారు. సన్నటి కొక్కెంతో లోపల గీరి చూశారు. తుప్పు రాలింది.

“పాతవే” అన్నారు. “బతుకంతా జనం నోళ్ళలో రంధ్రాలు చూశాను. కొత్తదేదో పాతదేదో నాకు తెలియదా?”

లేవడానికి గాజుబుర్ర కాలును పట్టుకున్నారు. లేచాక కూడా చెయ్యి తీయలేదు.

“ఒక ఆవిడ బాగా దింపిన యంత్రాన్ని ఇంట్లో పెట్టుకుని, ఆవిడే కూల్చిందని పత్రికలో వేసుకున్నాను. ఇంతకన్నా సిగ్గుచేటు ఉండదు. ఇవాళ్టి నుంచి ఇది పదకొండు. నా పంతొమ్మిది ఆ హోటల్ ముందుంది. పోనీ.” నావైపు తిరిగి, “నువ్వు లేకపోతే నేను ఇలాగే పోయేవాణ్ణి, బాబూ” అన్నారు.

ఆయన అలా అనకుండా ఉండాల్సింది. ఓడిపోయినవాడు కాస్త గొడవ చేయాలి. తలుపు విసిరికొట్టాలి. నేను దానికి సిద్ధపడి వచ్చాను. గెలిచినవాడికి కనీసం ఆ మర్యాద దక్కాలి కదా?

ఇవాళ టీలో పంచదార తక్కువైంది.

జూలై 5

పత్రిక అచ్చయింది. ‘ఇంజన్ ఆగినా పైలట్ నేర్పుతో గీత పడకుండా దింపిన యంత్రం ఇది.’ అధ్యక్షులవారే చెప్పి రాయించారు, పేజీ నేను కట్టాను.

పెద్దమ్మ చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడిచింది కళ్ళజోడునని ఆవిడ నన్ను నమ్మించాలనుకుంది, నేను నమ్మినట్టు నటించాను.

“దేన్ని చూసి ఒప్పుకున్నార్రా?”

“పెడళ్ళు చూసి.”

“నిజంగా? ఇన్నేళ్ళకూ చెరగలేదన్నమాట!”

చెరగలేదన్నమాట అంటుందేమిటి? రంధ్రం ఎక్కడైనా చెరుగుతుందా?

జూలై 6

చెరగడం అంటే ఏమిటి?

జూలై 12, ఆదివారం

అధ్యక్షులవారు గేటు దగ్గరే ఎదురొచ్చి పెద్దమ్మకు రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. ఆవిడ పళ్ళు చూడలేదు. అది ఆయన చేయగలిగిన అత్యున్నత గౌరవం.

పెద్దమ్మ తలుపు గొళ్ళాన్ని పైకెత్తి, భుజంతో తోసి, ఎక్కి కూర్చుంది. ఆ తోపు చూసి మా వాళ్ళందరి మొహాలూ వెలిగిపోయాయి. కానీ గాజుబుర్రలన్నిటికీ తలుపు అలాగే తోయాలి, దాన్ని తడిమి తేల్చలేం. ఆవిడ చేతికర్ర పట్టుకుంది, గాజులోంచి షెడ్డు గోడకేసి చూసింది. ఆ గోడ మీద ఒక పాత క్యాలెండర్ తప్ప ఏమీ లేదు. ఆవిడ ఇంకేదో చూసినట్టు చూసింది.

“నాదే” అంది మెల్లగా.

“చూడండమ్మా, మీ గుర్తులు” అని అధ్యక్షులవారు తొడుగులు తీసి చూపించారు.

పెద్దమ్మ వంగింది. చాలాసేపు వంగే ఉంది. తల ఎత్తినప్పుడు ఆయనను చూడలేదు, నన్ను చూసింది. తన డ్రైవింగ్ స్కూల్లో కారు చెట్టుకు కొట్టినవాణ్ణి కూడా అలా చూడగా నేను చూడలేదు.

“బాగా చూసుకుంటున్నారండీ దీన్ని” అని ఆయనతో అంది. మజ్జిగ తాగింది. అందరితో ఫొటో దిగింది. కెమెరా బాబాయి నవ్వమంటే నవ్వింది.

కారు తనే నడిపింది. రెండు మలుపులు తిరిగాక, సిగ్నల్ వేసి, అద్దం చూసుకుని, పక్కకు ఆపింది.

“ఒరేయ్, ఆ రంధ్రాలు ఎవడు వేశాడ్రా?”

“కంపెనీవాళ్ళు... స్క్రూలకి...”

“నా చెక్కలు రాగితీగతో చుట్టి కట్టుకున్నాను. కంపెనీ వస్తువుకు నేను రంధ్రం వేస్తానా? తీగ ఒరుసుకుని రెండు పెడళ్ళ మెడకీ గాడి పడింది, గాజుల గుర్తులా. అది చెప్పబోతే చాలు చాలు అన్నావు. ఆ గాడేదిరా?”

నేను సీటుబెల్టు సవరించుకున్నాను.

“మెరిసిపోతోందక్కడ. గరుకు కాగితం పెట్టి రుద్దావా?”

“తుప్పనుకున్నాను.”

ఆవిడ స్టీరింగు మీద రెండు చేతులూ వేసి ఉంచింది. శిష్యులకు అలాగే నేర్పిస్తుంది.

“ఎవరికీ తెలియదు కదా పెద్దమ్మా. పైగా అది నిజంగా నీదే కదా.”

“నాదే. ఎక్కగానే తెలిసింది. నాకు తెలిస్తే సరిపోతుందా? తడిమి చూపించడానికి లోకంలో ఉన్నది అదొక్కటే. అంత పెద్దాయన నాకు దండం పెట్టాడు, ఆయన దండం కూడా దొంగ సొమ్మే అయింది నాకు. రేపు పోయి చెప్పు.”

“చెబితే ఆ వాక్యం మళ్ళీ వేస్తారు!”

“వేసుకోనీ. అది వాళ్ళు రాసిన అబద్ధం. నీది నా పేరు మీద రాసిన అబద్ధం.” అద్దం చూసుకుంది, సిగ్నల్ వేసింది. కారు కదిలించే ముందు అంది, “నేను గీత పడకుండా దింపినదాన్ని, నువ్వు కూల్చావు కదరా.”

ఇంటికొచ్చాక అన్నం పెట్టలేదు. “తిన్నావా?” అని అడిగింది.

మొదటి పేజీలో మానవాళికీ చెట్టుకూ అడిగిన క్షమాపణను వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్ళకు నేను చేసిందేమీ లేదు. కంపెనీ మీద, పెద్దల మీద, తీర్మానాల మీద, పంచదార మీద రాసిన కోపమంతా అలాగే ఉంచుతున్నాను, అందులో ఒక్క మాట తగ్గించను. రేపు షెడ్డు తాళంచెవి తీసుకెళ్ళి డాక్టరుగారి చేతిలో పెట్టాలి. పదకొండు జాతకంలో కొత్త వాక్యం కూడా నేనే కట్టాలి: ‘సహాయ కార్యదర్శి అజాగ్రత్త వల్ల సాక్ష్యం ధ్వంసమైంది.’

జూన్ 18న ఏమీ జరగలేదని రాశాను. జరిగింది. వేడినీళ్ళ గుడ్డ వేసి తొడుగులు ఊడదీశాను. కింద రంధ్రాలు లేవు. పెడళ్ళ మెడలకు నల్లటి వలయాల్లాంటివి ఉన్నాయి, డ్రిల్లు జారుతుందని అవి పోయేదాకా రుద్దాను. రంధ్రాలు వేశాను, వేలు కోసుకున్నాను, ఉప్పూ వెనిగరూ పోసి తుప్పు పట్టించాను, తొడుగులు మళ్ళీ అంటించాను. తర్వాత గాజు కూడా తుడిచాను.

ఆ నాలుగు రంధ్రాలూ నేనే వేశాను.